పలుగురాయి లోపల ఉన్నదేమిటి? సూదులు, పొలుసులు, బుడగలు పోల్చి గుర్తుపట్టడం

కొండవాలు మీదో వాగు ఒడ్డునో ఏరుకొచ్చిన పలుగురాయిని కడిగి వెలుతురుకు ఎత్తి చూస్తాం. లోపల బంగారు రంగు పోగులు కనిపిస్తే వెంటనే నోటికొచ్చే పేరు రుటైల్. ఆకుపచ్చగా ఉంటే క్లోరైట్, నల్లగా ఉంటే టూర్మలీన్, ఎర్రగా ఉంటే హెమటైట్ అనేస్తాం. చాలాసార్లు ఆ పేర్లు సరిపోతాయి కూడా. సరిపోనప్పుడు మాత్రం ఆ తప్పు చీటీ మీద ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రాయి చేతులు మారితే దాంతోపాటే వెళ్తుంది. అందుకని ఇక్కడ ఒక్కో ఖనిజాన్ని విడివిడిగా వర్ణించకుండా, ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునేవాటిని పక్కపక్కన పెడుతున్నాను.

నేను పాటించే వరస ఇది. అది రాయిలో ఎక్కడ ఉందో ముందు చూస్తాను. తర్వాత ఆకారం, ఆ తర్వాత వెలుతురు పడినప్పుడు మెరిసే తీరు, ఆపైన చుట్టూ ఇంకేం ఖనిజాలు దొరికాయన్నది. రంగును చిట్టచివర చూస్తాను. ఇనుము ఉన్న ఖనిజాలే పసుపు, నారింజ, ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో కనిపిస్తాయి కాబట్టి రంగును ముందు నమ్మితే మిగతా ఆధారాలన్నీ దానికి తగ్గట్టే కనిపించడం మొదలవుతుంది.

పలుగురాయినే క్వార్ట్జ్ అంటారు. దాని గురించి మూడు విషయాలు గుర్తుంటే చాలు. దాని కాఠిన్యం 1 నుంచి 10 వరకు ఉండే మోస్ కొలతలో 7. వక్రీభవన గుణకం, అంటే వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.544 నుంచి 1.553 వరకు. దానికి సరైన చీలిక తలాలు లేవు, గాజులా గిన్నె ఆకారంలో పగులుతుంది. లోపలి ఖనిజం ఎంత స్పష్టంగా కనిపిస్తుందన్నది చాలావరకు ఆ రెండో అంకె మీదే ఆధారపడుతుంది. లోపలిదాని వక్రీభవన గుణకం క్వార్ట్జ్‌కి దగ్గరగా ఉంటే అంచులు మసకబారతాయి, బాగా దూరంగా ఉంటే అంచులు కోసినట్టు కనిపించి మెరుపు పెరుగుతుంది.

లోపలిదా, పగుల్లో చేరిందా?

ఇది తేలకుండా ముందుకు వెళ్లొద్దు. కొత్తగా రాళ్లు ఏరేవాళ్ల పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవడం చూశాను. స్ఫటికం పెరిగాక పగిలి, ఆ పగుల్లోకి ఇనుము కలిసిన నీళ్లు దిగితే పసుపు, ఎరుపు మరకలు మిగులుతాయి. అవి లోపలి ఖనిజాల్లాగే కనిపిస్తాయి.

రాయిని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. మరక అయితే ఒక కోణంలో వెడల్పుగా పరుచుకుని, ఇంకో కోణంలో సన్నని గీతలా మారిపోతుంది. ఒకే తలంలో ఉన్నదని దానర్థం. ఆ గీత వెంట పోతే ఎక్కడో ఒకచోట రాయి పైభాగానికి చేరుతుంది. అసలైన ఇన్‌క్లూజన్‌కి (స్ఫటికం లోపల చిక్కుకున్నదానికి) మూడు వైపులా నిడివి ఉంటుంది, లేదా దాని తలం స్ఫటికం ముఖాలకు సమాంతరంగా ఉంటుంది. ఫెర్న్ ఆకుల్లా కొమ్మలు చాచిన నల్లని బొమ్మలు కూడా ఈ పగుళ్ల కోవలోవే. అవి మాంగనీస్ ఆక్సైడ్లు, మొక్కల శిలాజాలు కావు.

ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే అది ఖనిజం కాకపోవచ్చు. సన్నని పగుల్లో గాలి ఉన్నా ఆ రంగులు వస్తాయి. రాయిని కాసేపు నీళ్లలో ఉంచినప్పుడు రంగులు తగ్గితే ఆ పగులు పైకి తెరుచుకుని ఉన్నట్టే.

ఇంకొక మోసం అద్దంలా పనిచేసే ముఖాలది. స్ఫటికం ముఖాలు లోపలి వెలుతురును వెనక్కి తిప్పికొడతాయి. లోపల ఉన్న ఒక్క సూదే మూడు నాలుగు సూదుల్లా కనబడుతుంది. రాయిని తిప్పుతున్నప్పుడు ఒక ముఖం అంచు దగ్గర ఠక్కున మాయమయ్యేది ప్రతిబింబం.

రత్నాల లోపలి ఖనిజాలను మూడు రకాలుగా చూడటం స్విట్జర్లాండ్ రత్నశాస్త్రవేత్త ఎడ్వర్డ్ గ్యూబెలిన్ వల్ల బాగా వ్యాప్తిలోకి వచ్చింది. స్ఫటికం కంటే ముందే ఉన్నవి, దాంతోపాటే పెరిగినవి, తర్వాత చేరినవి. చేతిలో రాయి పట్టుకుని చూసేటప్పుడు ఈ విభజన చాలా పనికొస్తుంది. స్ఫటికం అడుగున ఉన్న మాతృశిల (స్ఫటికం పెరిగిన శిల) నుంచి మొదలై పైకి చొచ్చుకొచ్చిన సూది ముందే ఉన్నది. లోపల మరో చిన్న స్ఫటికం నీడలా కనిపించే తలం మీద పరుచుకున్న పొలుసులు, పెరుగుదల కాసేపు ఆగినప్పుడు వచ్చి వాలినవి. పగులు వెంట ఉన్నవి తర్వాత వచ్చినవి. పేరు తెలియకపోయినా ఈ మూడింటిలో ఏదో తెలిస్తే అవకాశాల జాబితా సగానికి తగ్గిపోతుంది.

సూదులు, పోగులు: రుటైల్, టూర్మలీన్, యాక్టినోలైట్, గోథైట్

ఎక్కువ తికమక ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

రుటైల్ అంటే టైటానియం డయాక్సైడ్. దాని వక్రీభవన గుణకం 2.6 నుంచి 2.9 వరకు ఉంటుంది, అంటే క్వార్ట్జ్ కంటే చాలా ఎక్కువ. అందువల్ల పక్కనుంచి టార్చ్ వేస్తే రుటైల్ సూది లోహపు తీగలా భగ్గున మెరుస్తుంది. ఈ మెరుపు దాని మొదటి గుర్తు. బంగారు రంగు, రాగి ఎరుపు, గోధుమ, వెండి రంగు ఏదైనా కావచ్చు, మెరుపు మాత్రం తగ్గదు. సూదులు సాధారణంగా తిన్నగా, బిర్రుగా ఉంటాయి. మరీ సన్నని వెంట్రుకల్లాంటివి కొన్ని వంగుతాయి. కొన్నిచోట్ల సూదులు ఒకదాన్నొకటి సుమారు 60 డిగ్రీల కోణంలో దాటుతూ జాలీ అల్లినట్టు ఉంటాయి. బ్రెజిల్‌లోని బాహియా రాష్ట్రంలో నోవో హొరిజోంటే దగ్గర దొరికే రాళ్లలో నల్లని హెమటైట్ పలక మధ్యలో ఉండి, దాని చుట్టూ ఆరు దిక్కులకు బంగారు రుటైల్ కిరణాల్లా విచ్చుకుని ఉంటుంది. అలాంటి నక్షత్రం కనిపిస్తే పేరు విషయంలో ఇక సందేహం అక్కర్లేదు.

నల్ల టూర్మలీన్‌ని షోర్ల్ అంటారు. దాని వక్రీభవన గుణకం సుమారు 1.63 నుంచి 1.67. క్వార్ట్జ్‌కి అంత దూరం కాదు కాబట్టి మెరుపు గాజు మెరుపే, తీగ మెరుపు కాదు. సూదులు రుటైల్ కంటే సాధారణంగా లావుగా, పెన్సిల్ ముక్కల్లా ఉంటాయి. పొడవునా నిలువు గాడులు కనిపిస్తాయి. అడ్డంగా విరిగిన చోట దొరికితే తప్పకుండా లూప్‌తో (కంటి దగ్గర పెట్టుకునే చిన్న భూతద్దంతో) చూడండి. అంచులు ఉబ్బిన త్రిభుజం కనిపిస్తే అది టూర్మలీన్. ఇంత తేలికైన, ఇంత నమ్మదగిన గుర్తు మిగతా సూదులకు లేదు.

ముదురు రుటైల్ కూడా నల్లగా కనిపించవచ్చు. అప్పుడు ఈ రెండింటి మధ్య తేల్చడానికి రెండు వెలుతుర్లు కావాలి. రాయి వెనక నుంచి బలమైన టార్చ్ వేసి సూదుల్లో అన్నిటికన్నా సన్నని దాన్ని చూడండి. అంచు ఎర్రగానో తేనె రంగులోనో వెలిగితే రుటైల్ వైపు మొగ్గొచ్చు. నల్లగానే ఉన్నా, నీలం లేదా పచ్చ ఛాయ కనిపించినా టూర్మలీన్ వైపు. ఆ తర్వాత టార్చ్‌ని పక్కకు తెచ్చి మెరుపు చూడండి. రెండు పరీక్షలూ ఒకే మాట చెబితే పేరు రాయండి. వేర్వేరుగా చెబితే ప్రశ్నార్థకం పెట్టండి.

యాక్టినోలైట్, దాని దగ్గరి యాంఫిబోల్ ఖనిజాలు ఆకుపచ్చ, బూడిద పచ్చ పోగుల్లా ఉంటాయి. జుట్టు దువ్వినట్టు ఒకే దిక్కుకు పడుకుని ఉంటాయి, చాలాసార్లు వంగి ఉంటాయి, పట్టుదారంలా మెత్తని మెరుపునిస్తాయి. ఎపిడోట్ కూడా పచ్చదే, కానీ అది పిస్తా పప్పు పసుపు కలిసిన పచ్చ. పోగులా కాకుండా గట్టి కడ్డీలా తిన్నగా ఉంటుంది, పొడవునా గీతలుంటాయి. పచ్చ పోగు వంగిందంటే నేను ముందు యాంఫిబోల్‌నే అనుమానిస్తాను. పచ్చ కడ్డీ ముక్కగా విరిగి, ఆ ముక్కల మధ్య క్వార్ట్జ్ నిండి ఉందంటే ఎపిడోట్, టూర్మలీన్ రెండింటినీ పరిశీలిస్తాను.

గోథైట్ ఇనుప హైడ్రాక్సైడ్. గోధుమ, తేనె పసుపు రంగుల్లో సన్నని సూదులుగా ఉంటుంది కాబట్టి రుటైల్‌గా పొరబడటం మామూలే. తేడా వాటి అమరికలో ఉంది. గోథైట్ సూదులు ఒకే బిందువు నుంచి చీపురు కట్టలా, విసనకర్రలా విచ్చుకుంటాయి, పొట్టిగా ఉంటాయి. చాలాసార్లు స్ఫటికం లోపలి పాత ముఖాల మీదే మొలిచి ఉంటాయి. ఊదారంగు క్వార్ట్జ్ అయిన అమెథిస్ట్‌లో పసుపు కుచ్చుల్లా కనిపించేవాటిని చాలాకాలం కాకోక్సెనైట్ అన్నారు, అమ్మేవాళ్లు ఇప్పటికీ అంటారు. పరీక్షించి చూస్తే అవి గోథైట్ అని తేలింది. అమెథిస్ట్‌లో పసుపు కుచ్చులు కనిపిస్తే పాత పేరు రాసుకోకండి.

పసుపు మెరుపులు: బంగారం, పైరైట్, చాల్కోపైరైట్, అభ్రకం

ఇక్కడ ఆశ కంటికి అడ్డం పడుతుంది. మెరిసే అభ్రకాన్ని మన భాషలో కాకిబంగారం అన్నారంటే, ఈ పొరపాటు పడింది మన ఒక్కళ్లమే కాదు.

మొదటి పరీక్షకు పనిముట్లేం అక్కర్లేదు. రాయిని ఎండలో చూసి, తర్వాత మీ నీడలోకి తెచ్చి చూడండి. బంగారం నీడలో కూడా అదే పసుపుతో ఉంటుంది. రాయిని తిప్పినా రంగు మారదు. అభ్రకం ఒక కోణంలో తళుక్కుమని, కాస్త తిప్పగానే ఆరిపోతుంది. పైరైట్ ముఖాలు కూడా అలాగే వెలిగి ఆరుతాయి, నీడలో బూడిద కలిసిన ఇత్తడి రంగుకు దిగుతాయి.

ఆ చుక్క రాయి పైభాగానికి వచ్చి ఉంటే లూప్ కింద పెట్టి సూది మొనతో నొక్కండి. బంగారం కాఠిన్యం 2.5 నుంచి 3 మధ్య, పైగా సాగే లోహం. మొన దిగి గుంట పడుతుంది, పొడి రాలదు. అభ్రకం పొరలుగా లేస్తుంది. చాల్కోపైరైట్ కాఠిన్యం 3.5 నుంచి 4, గీరితే నల్లని పొడి వస్తుంది. పైరైట్ కాఠిన్యం 6 నుంచి 6.5, మామూలు సూది దాన్ని గీరలేదు, గట్టిగా నొక్కితే పెళుసుగా విరుగుతుంది. పైరైట్‌కి ఘనాకారం, ముఖాల మీద సమాంతర గీతలు ఉంటాయి. చాల్కోపైరైట్ ఇంకా ముదురు పసుపు, పైన నెమలి రంగుల తుప్పు పడుతుంది.

పలుగురాయిలో నలుచదరపు ఖాళీ గుంటలు, వాటి నిండా గోధుమ తుప్పు ఉంటే అక్కడ ఒకప్పుడు పైరైట్ ఉండి కరిగిపోయిందన్నమాట. ఆ గుంటల అంచులను జాగ్రత్తగా చూడండి. బంగారం ఉండే పలుగురాయి సిరల్లో పైరైట్ కుళ్లిపోయి, బంగారం మాత్రం అలాగే మిగిలిపోవడం జరుగుతుంది. అక్కడే వెండి తెలుపులో మెరిసే ఆర్సెనోపైరైట్ కూడా ఉండొచ్చు. దాన్ని సుత్తితో కొడితే వెల్లుల్లి వాసన వస్తుంది. అందులో ఆర్సెనిక్ ఉంటుంది కాబట్టి వాసన కోసం కావాలని కొట్టడం, వేడి చేయడం చేయొద్దు.

ఆకుపచ్చ పొలుసులు, మబ్బులు

క్లోరైట్ పచ్చ మట్టి చల్లినట్టు ఉంటుంది. మెరుపు తక్కువ. దాని వక్రీభవన గుణకం క్వార్ట్జ్‌కి దగ్గర కావడంతో అంచులు మసగ్గా కనిపిస్తాయి. లూప్‌లో చూస్తే పొలుసులు బిళ్లల దొంతరలా పేరుకుని వానపాముల్లా మెలికలు తిరిగి ఉండొచ్చు. ఆ మెలిక కనిపిస్తే క్లోరైట్ అని ధైర్యంగా రాయొచ్చు. స్ఫటికం లోపల మరో స్ఫటికం నీడ కనిపించే రాళ్లలో ఆ నీడను గీసింది చాలాసార్లు క్లోరైటే. ఆ నీడ ముఖాల్లో ఒకవైపు పచ్చదనం దట్టంగా, ఇంకోవైపు పలచగా ఉంటే దట్టంగా ఉన్నవైపు అప్పట్లో పైకి తిరిగి ఉండి ఉండవచ్చు, పొడి దాని మీద వాలింది. కొండ చీలికలో ఆ స్ఫటికం ఎటు తిరిగి పెరిగిందో చెప్పే ఈ చిన్న ఆధారం నాకు ఎంతో ఇష్టం.

ఫుక్సైట్ క్రోమియం ఉన్న అభ్రకం. అది కూడా పచ్చదే, కానీ పొలుసులు తళుకుమంటాయి. అవి రాయంతా నిండి, కదిపితే జరీలా మెరిస్తే దాన్ని అవెంచురిన్ క్వార్ట్జ్ అంటారు. మసగ్గా ఉంటే క్లోరైట్ వైపు, తళుకుమంటే అభ్రకం వైపు అనుకుని మొదలుపెట్టొచ్చు. బసాల్ట్ (గట్టిపడిన లావా శిల) గుహికల్లో, అంటే దానిలోని ఖాళీల్లో, దొరికిన రాయిలో నీలం కలిసిన పచ్చ మట్టి ఉంటే సెలడోనైట్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి.

ఎరుపు: హెమటైట్, లెపిడోక్రోసైట్

పలచని హెమటైట్ పలకలు వెనక వెలుతురులో రక్తం రంగులో ఉంటాయి, చాలాసార్లు అంచులు ఆరు మూలలుగా కోసినట్టుంటాయి. అదే పలక మందంగా ఉంటే నల్లగా, లోహంలా మెరుస్తుంది. ఒకే రాయిలో ఎర్ర పలకలూ నల్ల పలకలూ పక్కపక్కనే ఉంటే అవి రెండు ఖనిజాలు కాకపోవచ్చు, ఒకే హెమటైట్ రెండు మందాల్లో కనిపిస్తూ ఉండొచ్చు. లెపిడోక్రోసైట్ కూడా ఎరుపు, నారింజ పొలుసులుగా వస్తుంది, అంచులు అంత కచ్చితంగా ఉండవు. ఈ రెండింటినీ లూప్‌తో నిశ్చయంగా విడదీయవచ్చని నేను అనుకోను. ఆరు మూలలు స్పష్టంగా కనిపిస్తే హెమటైట్ అనండి, లేకపోతే "ఎర్రని ఇనుప ఆక్సైడ్ వర్గం" అని ఆపండి.

ఖనిజం రాయి బయటికి వచ్చి ఉంటే మెరుగు పూయని పింగాణీ పలక మీద గీసి చూడొచ్చు. హెమటైట్ ఎర్ర గోధుమ గీత ఇస్తుంది, గోథైట్ పసుపు గోధుమ గీత. పక్కనున్న క్వార్ట్జ్ పలకనే గీరేస్తుంది కాబట్టి ఖనిజం మొన మాత్రమే తగిలేలా పట్టుకోవాలి.

నలుపు

నల్లవాటిలో టూర్మలీన్ గురించి చెప్పాను. దారానికి కట్టిన చిన్న బలమైన అయస్కాంతం వాటివైపు కాస్త లాగితే మాగ్నటైట్, పైరోటైట్ లాంటివి గుర్తుకు రావాలి. బయటికి వచ్చిన నల్లని మెత్తని పొర కాగితం మీద పెన్సిల్‌లా గీస్తే గ్రాఫైట్, అదే కాస్త నీలం కలిసిన వెండి రంగులో ఉంటే మాలిబ్డినైట్. బొగ్గు పెచ్చుల్లా తేలికగా, ఆకారం లేకుండా, నిగనిగలాడుతూ ఉంటే గట్టిపడిన హైడ్రోకార్బన్ కావచ్చు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో డోలమైట్ గుహికల్లో దొరికే హెర్కిమర్ స్ఫటికాల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

బుడగలు: ఖనిజం కానిదే ఎక్కువ చెబుతుంది

లోపల ఖనిజం కాకుండా ద్రవం చిక్కుకుని ఉండటం చాలా సాధారణం. పలుగురాయి పాలలా తెల్లగా కనిపించడానికి ముఖ్య కారణం కంటికి అందనంత చిన్నవైన ఇలాంటి ద్రవపు గదులు లెక్కలేనన్ని ఉండటమే. ఆంగ్ల శాస్త్రవేత్త హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1858లో స్ఫటికాల్లోని ఈ ద్రవాలను మైక్రోస్కోపుతో పరిశీలించి, వాటిలోని బుడగ పరిమాణాన్ని బట్టి స్ఫటికం ఏ వేడిలో పెరిగిందో అంచనా వేయవచ్చని చూపించాడు. వేడి ద్రవం చల్లబడి కుంచించుకుపోవడం వల్ల మిగిలిన ఖాళీయే ఆ బుడగ.

లోపలి గుండ్రని చుక్క ఖనిజమా బుడగా అని సందేహం వస్తే రాయిని మెల్లగా అటూ ఇటూ వంచండి. కదిలితే ద్రవంలో ఉన్న బుడగ. కదలకపోయినా బుడగ కాదని అనుకోవద్దు, గది చిన్నదైతే అది ఇరుక్కుని ఉంటుంది. గది ఆకారం చూడండి. స్ఫటికం లోపలి గదులు మూలలు తేలి, చాలాసార్లు చిన్న క్వార్ట్జ్ స్ఫటికం అచ్చులా ఉంటాయి. దానికి భిన్నంగా, నున్నగా గుండ్రంగా ఉన్న బుడగలు రాయంతా చెల్లాచెదురుగా ఉంటే అది క్వార్ట్జ్ కాకుండా గాజు కావచ్చు. పాత కొలిమి తావుల దగ్గర దొరికే గాజు చిట్టెం ఇలాగే ఉంటుంది. దాన్ని క్వార్ట్జ్ ముక్కతో గీరి చూస్తే తేలిపోతుంది.

కొన్ని గదుల్లో ఉండేది నీళ్లు కాదు, ద్రవ రూపంలోని కార్బన్ డయాక్సైడ్. స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ 31.1 డిగ్రీల సెల్సియస్ దాటితే ద్రవం, వాయువు అన్న తేడా పోతుంది. రాయిని పిడికిట్లో పట్టుకుని కాసేపాగి చూస్తే బుడగ మాయమైపోయి, చల్లబడగానే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అరచేతి వెచ్చదనంతో జరిగే ఈ పరీక్ష ముందు ఖరీదైన పరికరాలు కూడా చిన్నబోతాయి. పసుపు ద్రవం ఉండి, యూవీ (అతినీలలోహిత) టార్చ్ కింద పసుపుగానో నీలంగానో వెలిగితే అది పెట్రోలియం. పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్ నుంచి వచ్చే స్ఫటికాలు దీనికి పేరుపొందాయి. ద్రవంలో బుడగతోపాటు చిన్న ఘనం కూడా కనిపిస్తే అది ఉప్పు స్ఫటికం కావచ్చు. ఆ ద్రవం ఒకప్పుడు ఎంతో ఉప్పగా ఉండేదన్నమాట.

ఇలాంటి రాళ్లను వేడి చేయడం గానీ గడ్డకట్టే చలిలో వదిలేయడం గానీ వద్దు. లోపలి ద్రవం ఉబ్బి రాయి చీలుతుంది.

దొరికిన చోటు ఎంత చెబుతుంది?

రెండు పేర్ల మధ్య నిలిచిపోయినప్పుడు నేను మళ్లీ మాతృశిల దగ్గరికే వెళ్తాను. పెగ్మటైట్‌లో (పెద్ద పెద్ద స్ఫటికాలుండే గ్రానైట్ లాంటి శిలలో) దొరికిన స్ఫటికంలో నల్ల సూదులంటే ముందు టూర్మలీన్, దాంతోపాటు అభ్రకం, గార్నెట్ ఉంటాయేమో చూడాలి. రూపాంతర శిలల చీలికల్లో, అంటే ఆల్ప్స్ పర్వతాల్లో స్ఫటికాలు దొరికే తరహా చోట్ల, రుటైల్, అనటేస్, క్లోరైట్, యాక్టినోలైట్, ఎపిడోట్ కలిసి తిరుగుతాయి. బసాల్ట్ గుహికల్లో గోథైట్, సెలడోనైట్, కాల్సైట్, జియోలైట్లు సహజం. అక్కడ టూర్మలీన్ అని రాయాల్సి వస్తే ఒకటికి రెండుసార్లు చూడండి.

అందుకే రాయిని తీసిన చోటే చీటీ రాయాలి. అతుక్కుని ఉన్న శిల చిన్న ముక్క కూడా పక్కనే పెట్టుకోవాలి. వాగులో దొరికిన రాయి అయితే ఎక్కడినుంచో కొట్టుకొచ్చింది కాబట్టి "వాగు రాయి" అని రాసి, స్థలం చెప్పే సాక్ష్యాన్ని తక్కువగా నమ్మాలి.

ఏ పనిముట్టుతో మొదలుపెట్టాలి?

ఒక్కటే కొనుక్కోగలిగితే మంచి పది రెట్ల లూప్, దాంతో సన్నని వెలుగునిచ్చే టార్చ్. ఎక్కువ రెట్లు పెంచే చవక భూతద్దాల కన్నా ఇది మేలు. వాటిలో చూపు మేర చిన్నదై, లోతు పోయి, లోపలి సూది ఫోకస్‌లోకే రాదు. టార్చ్‌ని వెనక నుంచి, పక్క నుంచి, పైనుంచి మూడు విధాలా వేసి చూడాలి. కింద నల్ల గుడ్డ వేసి పక్క నుంచి వెలుతురు ఇస్తే సన్నని పోగులు కూడా తేలి కనిపిస్తాయి.

రెండోది ద్రవంలో ముంచి చూడటం. గరుకు వాగు రాళ్లకు దీనికి మించిన మార్గం లేదు. నీటి వక్రీభవన గుణకం 1.33, గ్లిజరిన్‌ది సుమారు 1.47, లవంగ నూనెది సుమారు 1.53. క్వార్ట్జ్‌కి ఎంత దగ్గరైతే గరుకుతనం అంతగా మాయమై లోపలిది తేటపడుతుంది. లవంగ నూనె బాగా పనిచేస్తుంది, కానీ చర్మానికి మంట, ప్లాస్టిక్‌ను పాడు చేస్తుంది. పగుళ్లలోకి దిగితే పోదు. చాలా రాళ్లకు నేను గ్లిజరిన్‌తోనే సరిపెడతాను, కడిగితే పోతుంది. రాయికి ఒకవైపు చిన్న కిటికీ నున్నగా అరగదీయడం ఇంకో మార్గం. గులకరాయికి చేయొచ్చు. సహజ ముఖాలున్న స్ఫటికానికి ఎప్పుడూ చేయకండి, పోయిన ముఖం తిరిగి రాదు. అరగదీసేటప్పుడు నీళ్లు పోస్తూనే ఉండాలి. పొడి సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు హాని. లోపలివి యాంఫిబోల్ పోగులైతే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఆ వర్గంలో ఆస్బెస్టాస్ రకాలు ఉన్నాయి. క్వార్ట్జ్ లోపల మూసుకుని ఉన్నంతవరకు వాటితో భయం లేదు.

యూవీ టార్చ్ పెట్రోలియం, ఫ్లోరైట్, కాల్సైట్ విషయంలో సాయం చేస్తుంది, మిగతా చోట్ల పెద్దగా చెప్పదు. పోలరైజింగ్ ఫిల్మ్‌ను ఇంకా వెనక్కి పెడతాను. క్వార్ట్జే వెలుతురును రెండుగా చీల్చి, తిప్పేస్తుంది కాబట్టి మందమైన రాయిలో లోపలిదాని సంగతి విడిగా తేలదు.

శుభ్రం చేయడం గురించి ఒక మాట. తుప్పు మరకలు పోగొట్టడానికి ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. మొదట్లో నేను గుర్తుపట్టకుండానే ఒక స్ఫటికాల గుత్తిని అందులో వేశాను. తీసేసరికి దాని మీది కాల్సైట్ తెల్లని పొర కట్టి పాడైపోయింది. బయటికి వచ్చిన గోథైట్ కుచ్చులు కూడా పలచబడ్డాయి. ఇప్పుడు ముందు ఫొటోలు తీసి, గుర్తుపట్టి, ఆ తర్వాతే శుభ్రం చేస్తాను. ఆ ఆమ్లం విషం, చేతి తొడుగులు తప్పనిసరి.

ప్రయోగశాలకు పంపాల్సి వస్తే

ఇక్కడ ఎంపిక సరిగా లేకపోతే రాయీ పోతుంది, జవాబూ రాదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చేసే మూలకాల పరీక్షకు ఖనిజం పైకి తేలి ఉండాలి, అదీ మూలకాలనే చెబుతుంది. రుటైల్, అనటేస్, బ్రూకైట్ మూడూ టైటానియం డయాక్సైడే, ఆ పరీక్షకు మూడూ ఒక్కటే. టూర్మలీన్‌కి ముఖ్యమైన బోరాన్ చాలా తేలికైన మూలకం కావడంతో దానికి సరిగా దొరకదు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ఖనిజం పేరు చెబుతుంది, కానీ మామూలుగా పొడి కావాలి. పలచని ముక్క కోసి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోపు కింద చూడటం మంచి పద్ధతే, ఆ ముక్క మాత్రం రాయిలోంచి పోతుంది.

లోపల మూసుకుని ఉన్న ఖనిజానికి నేను ఎంచుకునేది రామన్ స్పెక్ట్రోస్కోపీ. సి.వి. రామన్ 1928లో కనుగొని 1930లో నోబెల్ అందుకున్న, వెలుతురు చెదిరే తీరుకు సంబంధించిన ఫలితమే దీనికి ఆధారం. తేటగా ఉన్న క్వార్ట్జ్ గుండా లేజర్‌ను లోపలి సూది మీదికే కేంద్రీకరించవచ్చు. రాయిని కోయక్కర్లేదు. క్వార్ట్జ్ తన గుర్తుగా 464 cm⁻¹ (రామన్ కొలతల ప్రమాణం) దగ్గర పెద్ద శిఖరం చూపిస్తుంది. రుటైల్ అయితే 447, 612 దగ్గర, అనటేస్ అయితే 144 దగ్గర శిఖరాలు వస్తాయి. దీనికీ హద్దులున్నాయి. బంగారం లాంటి లోహాలు ఇందులో శిఖరాలు ఇవ్వవు. కొన్ని రాళ్ల ఫ్లోరెసెన్స్ సంకేతాన్ని ముంచేస్తుంది. గోథైట్ మీద లేజర్ బలం ఎక్కువైతే అది వేడెక్కి హెమటైట్‌గా మారి, తప్పు పేరు చూపిస్తుంది. గోథైట్ అనుమానం ఉంటే లేజర్ బలం తగ్గించమని ముందే చెప్పండి.

అన్ని రాళ్లనూ పంపనక్కర్లేదు. పేరు మారితే ఆ స్థలం గురించి కొత్త విషయం తెలుస్తుందనుకున్న రాయిని మాత్రమే పంపండి. మిగతావాటి చీటీ మీద చూసింది చూసినట్టు రాస్తే సరిపోతుంది: "ఎర్రని పొలుసులు, ఇనుప ఆక్సైడ్ వర్గం, హెమటైట్ కావచ్చు. లోపలి ముఖం మీద పరుచుకుని ఉన్నాయి, పగుల్లో లేవు. పది రెట్ల లూప్, వెనక వెలుతురు. బసాల్ట్ గుహికలోంచి తీసింది." కింద తేదీ వేయండి. తర్వాత ఎప్పుడైనా పేరు తేలితే కొత్త చీటీ చేర్చండి, పాతదాన్ని మాత్రం తీసేయకండి.